రివర్స్‌లో పెట్టిన చెప్పులు

ఈ కింద రాసిన ప్రతి అక్షరం నిజం. ఒట్టు. ఒట్టు దేవుడి మీద వెయ్యడం వాడుక గానీ, ఇందులో దేవుళ్ళు ఇద్దరు వస్తారు. ఒకరి మీద వేస్తే రెండోవారికి చిన్నతనం. పిల్లల మీద వెయ్యడం మా ఆవిడ పెళ్ళైన మూడో ఏటే నిషేధించింది. కాబట్టి నా జిరాక్స్ మిషను మీద వేస్తున్నాను. దాని అద్దం మీద ఏది పెడితే అదే కిందికి వస్తుంది, టీ మరకతో సహా. పద్నాలుగేళ్ళుగా ఎల్‌బీ నగర్‌లో దాని పక్కన నిలబడి అన్నం తింటున్న మనిషిని. ఆపాటి నిజాయితీ నాకూ అంటుకునే ఉంటుంది.

మా గల్లీలో నాకు కోతలు కోస్తాడని పేరుంది, దాచను. నేను చెప్పేది చివరిదాకా వినే మనుషులు ఇక్కడ ఇద్దరే ఉండేవారు. ఒకాయనకు చెవుడు. రెండో ఆయన ఈమధ్యే పోయాడు. ఈ రాత ఆ రెండో ఆయన గురించి.

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, షట్టరు సగమే ఎత్తాను, ఆయన భార్య వంగి లోపలికి వచ్చింది. ఒక కాగితం మిషను అద్దం మీద తనే బోర్లా పెట్టింది.

“పది తియ్యి తమ్మీ. ఎన్ని దిక్కుల అడుగుతరో ఏమో.”

మరణ ధ్రువీకరణ పత్రం. లైటు అటునుంచి ఇటు పదిసార్లు పోయింది, ఆయన పేరు పదిసార్లు బయటికొచ్చింది. పదకొండోసారి ఇక్కడ రాయను. బతికుండగా కూడా ఆ పేరుతో పిలిచినవాళ్ళను నేను చూడలేదు. అందరికీ ఆయన ‘డ్రైవరన్న’. పుట్టింది నల్లగొండ వైపు పల్లె, తోలింది సిటీ బస్సు, డ్యూటీ లేనప్పుడు తోలింది ఒక పాత స్కూటరు. ఆ పత్రంలో మనిషి ఎప్పుడు పోయాడో, ఎక్కడ పోయాడో, తండ్రి పేరేమిటో రాయడానికి గళ్ళున్నాయి. వారానికి రెండున్నర గంటల చొప్పున ముప్పై ఏళ్ళకు పైగా ఒక జత చెప్పులకు కాపలా కాశాడని రాయడానికి గడి లేదు. అందుకే నేను రాస్తున్నాను.

నా దుకాణానికి ఎదురుగా చర్చి ఉంది. మధ్యలో పది అడుగుల గల్లీ. ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ పిల్లలు నోట్సులు పట్టుకొని ఇక్కడిదాకా వస్తారని నేను పూటంతా తెరిచే ఉంచుతాను. తొమ్మిదిన్నరకు స్కూటరు వచ్చి నా షట్టరు ముందు ఆగేది. వెనక నుంచి ఆమె దిగేది. తెల్లచీర, చేతిలో బైబిలు, భుజాన సంచి. చెప్పులు స్కూటరు పక్కనే విడిచి, వట్టి కాళ్ళతో గల్లీ దాటి గేటులోకి పోయేది. ఆయన దిగేవాడు కాదు. స్టాండు వేసి, సీటు మీదే పక్కకు తిరిగి కూర్చునేవాడు. ఆమె గేటు దాటిందని రూఢి అయ్యాక వంగి, ఆ చెప్పులు రెండూ తీసి, మడమలు స్కూటరు వైపు, వేళ్ళు రోడ్డు వైపు వచ్చేలా తిప్పిపెట్టేవాడు.

కొత్తలో అడిగాను. “ఎందుకండీ అలా తిప్పుతారు?”

కుడివైపు చూశాడు. ఎవరేమడిగినా ముందు కుడివైపు చూసేవాడు. అక్కడ బస్సు అద్దం ఉన్నట్టూ, ఆ ప్రశ్న వెనకాల ఇంకేం వస్తోందో చూసుకుంటున్నట్టూ.

“డిపోల బండి ఎట్ల పెడ్తరు? రివర్స్‌ల పెడ్తరు. పొద్దుగాల తియ్యంగనే సీద పోవాలె గద.”

“చెప్పులు బస్సా?”

“ఎక్కేటోళ్ళకు ఏదైన బస్సే.”

ఇంతకంటే పొడుగాటి మాట ఆయన నోట నేను పెద్దగా వినలేదు. వేరుశెనక్కాయలు ఒక పొట్లం ఉండేది. ఒలిచి గింజ నోట్లో, పొట్టు హెల్మెట్‌లో. ప్రార్థన అయ్యేసరికి హెల్మెట్ సగం నిండేది. పోయేటప్పుడు దాన్ని బోర్లించి రెండు దెబ్బలు కొట్టి తలకు పెట్టుకొనేవాడు. అందుకని జుట్టులో ఎప్పుడూ ఒకటో రెండో పొట్టు ముక్కలుండేవి. ఆమె బయటికి రాగానే మొదట చెప్పుల్లో కాళ్ళు పెట్టేది, తర్వాత ఆయన తలలోంచి పొట్టు తీసి గాలికి వదిలేది, తర్వాత ఎక్కి కూర్చునేది. ఈ వరుస మారగా నేను చూడలేదు, ఒక్క నెల తప్ప. ఆ నెల గురించి చెప్పాలనే ఇదంతా.

మే నెలలో ఇంకో పని చేరేది. పన్నెండు గంటలకు గల్లీలో సిమెంటు పెనంలా కాలేది. లోపల ఆఖరి పాట ఎత్తుకోగానే ఆయన నీళ్ళ సీసా తీసి, చర్చి గేటు నుంచి చెప్పులదాకా సన్నగా ఒక దారి పోసేవాడు. ఆమె ఆ తడి గీత మీదుగా నడిచి వచ్చేది. మిగతా విశ్వాసులు ఆ గీతకు అటూ ఇటూ గెంతుతూ పోయేవారు. ఎవరూ దాని మీద కాలు పెట్టేవారు కాదు.

ఆమెను ఆయన ‘సిస్టరు’ అని పిలిచేవాడు. ఆమె సైదాబాద్‌లో ఒక దవాఖానలో నర్సు. పెళ్ళికి ముందు రోజూ ఆయన బస్సెక్కేది, కండక్టరు సిస్టరు అనేవాడు, ప్యాసింజర్లు అనేవారు, ఈయనా అలాగే మొదలుపెట్టాడు. పెళ్ళయ్యాక మార్చుకోమని నలుగురూ చెప్పారట. “అలవాటైన రూటు” అన్నాడట. ఆమె ఆయన్ను ‘ఏమయ్యా’ అనేది. కోపం వస్తే ‘డ్రైవర్ సాబ్’.

ఆమె మాటకారి. కాబట్టి కాపలా కథ ఆమె చెప్పగానే విన్నాను. రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద, దండలైనా తియ్యకముందే ఇద్దరూ ఒక మాట అనుకున్నారు: నువ్వు నన్ను గుడికి రమ్మనొద్దు, నేను నిన్ను చర్చికి రమ్మనను. ఆ మరుసటి ఆదివారం ఆమె పెళ్ళికి కొన్న కొత్త చెప్పులు వేసుకొని చర్చికి పోయింది. తిరిగి వచ్చేసరికి చెప్పులు లేవు. ఎవరో పుణ్యాత్ముడు వేసుకుపోయాడు. వట్టి కాళ్ళతో బస్సెక్కి ఇంటికి వచ్చింది. మరుసటి ఆదివారం ఆయన ఏమీ అనకుండా వెంట వచ్చి గోడ పక్కన కూర్చున్నాడు. ఇక లేవలేదు.

“మరి మీరు?” అన్నాను.

“నేను బాకీ ఉంచుకుంటనా తమ్మీ? మంగళారం నా డ్యూటీ.”

మంగళవారం సాయంత్రాలు నేను పేపరు కట్టల కోసం దిల్‌సుఖ్‌నగర్ పోతాను. అక్కడ వెనక గల్లీలో ఆంజనేయస్వామి గుడి. ఆయన లోపల, ఆమె బయట, మూసి ఉన్న దుకాణం అరుగు మీద, ఆయన చెప్పులు కూరగాయల సంచిలో వేసి ఒళ్ళో పెట్టుకొని, పూలమ్మేవాళ్ళతో దేశంలో ఉన్న సంగతులన్నీ మాట్లాడుతూ. గుడికి చెప్పుల స్టాండు ఉంది. టోకెను కూడా ఇస్తారు. ఆమె దాన్ని లెక్కచేసేది కాదు. ఆయన నుదుట సిందూరంతో బయటికి రాగానే సంచి తిరగేసేది. చెప్పులు టపటపా రాలేవి, ఒకటి వెల్లకిలా, ఒకటి మురిక్కాలవ అంచున. రివర్సూ లేదు, పార్కింగూ లేదు. ఆయన కాలితో వెతుక్కొని తొడుక్కొనేవాడు.

ఇలాంటి ఇద్దరి మధ్య నేను వేలు పెట్టాను. ఎందుకంటే చెప్పలేను. నోట్లో ఉన్న మాట బయటికి రావడానికి కారణం ఉండాలనేది మీ ఆచారం, మాకది లేదు.

నాలుగేళ్ళ కిందట ఒక సోమవారం. చర్చిలో పాడే ఒకామె రేషన్ కార్డు కాపీకి వచ్చింది. కాపీ వస్తుంటే నిట్టూర్చింది.

“ఆ డ్రైవరన్న ఎప్పటికన్న లోపలికొస్తడంటవా అన్నా? మా సంఘపెద్ద ఎన్ని ఏండ్ల సంది ప్రార్థన చేస్తుండో.”

సంఘపెద్ద అంటే డ్రైవరన్న బావమరిది. సిస్టరుకు స్వయానా అన్న. అక్కడితో ఊరుకొని ఉంటే ఈ రాత లేదు.

“అదేంటమ్మా, మీకింకా తెలీదా?” అన్నాను. “మొన్న గురువారమే బాప్తిస్మం అయిపోయింది కదా, నాదర్‌గుల్‌లో. విమానాలు నేర్పే మైదానం లేదూ, దాని పక్క తోటలో. నీలం డ్రమ్ములో ముంచారు. సరిగ్గా తల ముంచే వేళకు పైనుంచి ఒక చిన్న విమానం పోయింది. నడిపే కుర్రాడు కిందికి చూసి రెక్క ఊపాడట. డ్రమ్ములో నీళ్ళు గుండ్రంగా తిరిగాయట.”

ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకొని, కార్డు మరిచిపోయి వెళ్ళిపోయింది. నేను నవ్వుకొని టీ తాగాను.

బుధవారానికి సంఘపెద్ద స్వీటు డబ్బా పట్టుకొని బడంగ్‌పేట్‌లో చెల్లెలి ఇంటికి పోయాడు. “దేవుడు నీ ప్రార్థన విన్నడు చెల్లె” అన్నాడు. చెల్లెలు అలాంటి ప్రార్థన ఎప్పుడూ చెయ్యలేదు. శుక్రవారానికి నల్లగొండ నుంచి డ్రైవరన్న తమ్ముడు బస్సు దిగాడు. గడప బయటే నిలబడి వదిన వైపు వేలు చూపించి “నువ్వే ముంచినవ్ మా అన్నను” అని అరిచాడు. డ్రైవరన్న ఆ సమయానికి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాడట. కుడివైపు చూశాడట. ముంచారనీ అనలేదు, లేదనీ అనలేదు.

ఇవన్నీ నాకు ఆదివారం దాకా తెలియవు. ఆదివారం స్కూటరు వచ్చింది. ఆమె దిగింది. గొంతు తగ్గించాలన్న ఆలోచన ఇద్దరిలో ఎవరికీ రాలేదు.

“ఆఖరుసారి అడుగుతున్న డ్రైవర్ సాబ్. మునిగినవా లేదా?”

“అడుగుడే తప్పు.”

“అడుగుడు తప్పెట్లైతది? ఊరంత తెలిసి నాకు తెల్వకపాయె.”

“ముప్పై ఏండ్లైంది సిస్టరు. గీ మాట నన్ను అడగాల్నా నువ్వు?”

“అడిగితె చెప్పనోనివి, చెప్పకుంట మునుగుతవ్ గూడ.”

ఆమె చెప్పులు విడిచింది. విడిచి, వంగి, రెండూ చేతిలోకి తీసుకొని, బైబిలు పక్కన సంచిలో పెట్టుకొని జిప్పు లాగింది. గల్లీ దాటి లోపలికి పోయింది.

ఆయన కొంచెంసేపు నేల వైపు చూశాడు. అక్కడ ఏమీ లేదు. పల్లీ పొట్లం తియ్యలేదు. పన్నెండు దాకా అలాగే కూర్చున్నాడు.

రెండో ఆదివారం ఆమె ఆటోలో వచ్చింది. ఆయన స్కూటరు మీద, విడిగా, ఎప్పటి వేళకే వచ్చాడు. ఎప్పటి చోటే ఆపాడు. చెప్పులుండే చోట హెల్మెట్ పెట్టాడు. మధ్యలో మంగళవారం గుడి దగ్గర కూడా చూశాను. ఆయన చెప్పులు స్టాండులో వేసి, టోకెను పిడికిట్లో పట్టుకొని మెట్లెక్కుతున్నాడు. దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియనివాడిలా పట్టుకున్నాడు. అరుగు మీద ఎవరూ లేరు. ‘నర్సమ్మకు పెయి బాగలేదా’ అని పూలావిడ నన్నడిగింది.

ఆమెను తన ఇంటికి వచ్చెయ్యమంటున్నాడు అన్న, వనస్థలిపురంలో పైవాటా ఖాళీగా ఉందట. నేనొక విమానం ఎగరేశాను, అది వాళ్ళ ఇంటి మీద కూలేట్టుంది.

సరే, నిజం చెబుదాం అనుకున్నాను. చెప్పడం మొదలుపెట్టాక తెలిసింది, దానికి నాకు అర్హత లేదని. ముందు సంఘపెద్ద దగ్గరికి పోయాను. “అయ్యా, అది నేను అల్లిన మాట. డ్రమ్మూ లేదు, విమానమూ లేదు.”

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. “సాక్ష్యం చెప్పనీక భయపడకు తమ్మీ. నువ్వొక్కనివే గాదు, ఇంకో ఇద్దరు గూడ చూసిర్రు.”

నా అబద్ధానికి ఇద్దరు సాక్షులు! అందులో ఒకాయన నన్ను సరిదిద్దాడు కూడా: డ్రమ్ము నీలం కాదు, నలుపు.

తర్వాత ఆమెను ఆటో స్టాండు దగ్గర పట్టుకున్నాను. చేతులు కట్టుకొని మొత్తం చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది.

“ఆయన పంపిండా నిన్ను?”

“లేదమ్మా. నా అంతట నేనే. నిజం.”

“నీ నిజం నాకెర్కలేదా? మొన్నటిదాంక మునిగిండంటివి, ఇయ్యాల లేదంటున్నవ్. రేపు ఈతగొట్టిండంటవ్.” సంచి భుజం మార్చుకుంది. “ఇను తమ్మీ. మావోళ్ళు ముప్పై ఏండ్ల సంది నన్ను సతాయించిర్రు, మొగన్ని లోపలికి తోల్కరమ్మని. ఒక్క దినం గూడ ఆయనతోని అనలె. కలల గూడ అనలె. ఇప్పుడు మునిగిండంటే ఏమన్నట్టు? నేను లోపల్లోపల అడుగుతున్నట్టు ఆయనకు ఇనబడ్డట్టే గద? నేను అనని మాట నా నెత్తిన పడె. గది నాకు పరేషాన్.”

ఆటో ఎక్కింది. అప్పుడు అర్థమైంది నాకు. ఆయన మతం మారాడా లేదా అన్నది ఆమెకు రెండో సంగతి. మెట్ల మీద అనుకున్న మాట నిలిచి ఉందా, తను తెలియకుండా దాన్ని తప్పిందా అన్నది మొదటి సంగతి.

ఇక ఆయన మిగిలాడు. మూడో ఆదివారం. హెల్మెట్ నేల మీద, ఆయన సీటు మీద. ఎదురుగా పోయి నిలబడ్డాను.

“డ్రైవరుగారూ, ఆ పుకారు నాదే.”

“తెల్సు.”

“తెలుసా? మరి ఆమెకు చెప్పొచ్చు కదండీ, ఒక్క ముక్క!”

కుడివైపు చూశాడు. “నేను చెప్తే నమ్ముతది. గది పెద్ద ముచ్చట గాదు. చెప్పకుంట తెలుస్తదా లేదా అని చూస్తున్న.”

“తెలియకపోతే? వాళ్ళన్నగారు పైవాటా కడిగించి సున్నం వేయిస్తున్నారు!”

ఆయన ముఖం ఒక్క క్షణం ముసలివాళ్ళ ముఖంలా అయింది. ఆ క్షణం దాకా నేనాయన వయసు గమనించలేదు.

“ఇన్నేళ్ళు ఎలా నడిచిందండీ మీకు అసలు?” అన్నాను. ఆ మాట ఎందుకన్నానో తెలియదు, అది అడగాల్సిన సమయం కూడా కాదు.

“జర పక్కకు జరుగు,” అన్నాడు. “గేటు కనబడ్తలేదు.”

జరిగాను.

నాలుగో ఆదివారం పొద్దుటినుంచీ మబ్బు. ఆమె ఆటో దిగి, సంచి జిప్పు వేసుకొని నేరుగా లోపలికి పోయింది. ఆఖరి పాటకు వాన మొదలైంది. జనం చున్నీలూ కొంగులూ నెత్తిన వేసుకొని పరిగెడుతున్నారు. ఆమె గేటు దగ్గర ఆగి సంచిలో చెయ్యి పెట్టింది. అప్పుడు డ్రైవరన్న స్కూటరు దిగాడు. ఎండాకాలం నీళ్ళు పొయ్యడానికి తప్ప, నేను చూస్తుండగా ఆదివారం ఆయన స్కూటరు దిగడం అదే మొదలు. డిక్కీ తెరిచాడు. పాత వార్తాపత్రికలో చుట్టిన పొట్లం ఒకటి తీశాడు. విప్పితే ఒక జత ఆడవాళ్ళ చెప్పులు. ఎర్రపట్టీ, పట్టీ మీద జరీ పువ్వు, అట్ట ఎండి వంకరపోయింది. గల్లీ దాటి పోయి, ఆమె కాళ్ళ ముందు వానలో వాటిని పెట్టాడు. వేళ్ళు రోడ్డు వైపు తిప్పి.

ఆమె చూసింది. అవి ఆమె పెళ్ళి చెప్పులు.

“మొదటి ఆదివారం నేనే తీసిన,” అన్నాడు. “లోపలికి రాలేను, ఇంట్ల ఉండలేను. కూసునేటందుకు ఒక పని గావాలె గద. గిదొక్కటే నీతోని ఆడిన అబద్ధం సిస్టరు. రెండోది లేదు.”

“నాకు తెల్సు,” అన్నది ఆమె.

“ఏది తెల్సు?”

“గివి డిక్కీల ఉన్నయని. ఆ యేడాదే చూసిన.”

“మరి చెప్పవైతివి?”

“చెప్తె కూసుంటుంటివా?”

వానలో ఇద్దరూ నిలబడ్డారు. నా మిషను కూడా ఆ నిమిషం కాగితం ఇరికించుకొని ఆగిపోయింది.

ఇప్పుడు ఒట్టు సంగతికి వద్దాం.

కిందటి సీను నేను అల్లింది. ఆమె సంచి జిప్పు వేసిన దగ్గర్నుంచి మిషను ఆగిపోయిన దాకా ఒక్క ముక్క నిజం లేదు. ఆ స్కూటరు డిక్కీలో ఒక మసిగుడ్డ, ఒక స్పానరు తప్ప ఎప్పుడూ ఏమీ లేవు. ఆ రోజు వాన కూడా పడలేదు. పెళ్ళి చెప్పులు ఎవడెత్తుకుపోయాడో ఆ దేవుళ్ళు ఇద్దరికే తెలియాలి. మిషను మీద ఒట్టేసి ఇలా చెయ్యొచ్చా అంటే, మిషను కూడా అప్పుడప్పుడూ నల్లగీత వేస్తుంది.

జరిగింది ఇది. నాలుగో ఆదివారం ఆమె ఆటో దిగింది. గేటు వైపు నాలుగడుగులు వేసింది. ఆగింది. వెనక్కి వచ్చి, స్కూటరు పక్కన, హెల్మెట్‌కు కాస్త ఎడంగా చెప్పులు విడిచింది. ఆయన వైపు చూడలేదు. వట్టి కాళ్ళతో గల్లీ దాటి లోపలికి పోయింది. ఆయన కుడివైపు చూశాడు. హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వంగి, చెప్పులు రెండూ తిప్పిపెట్టాడు. జేబులోంచి పల్లీ పొట్లం తీశాడు. పన్నెండు గంటలకు ఆమె వచ్చి చెప్పుల్లో కాళ్ళు పెట్టింది, తలలో పొట్టు తీసింది, ఎక్కి కూర్చుంది. మునిగాడా లేదా అని ఆమె మళ్ళీ అడగలేదు, ఆయన చెప్పలేదు. నాకు తెలిసినంతలో ఆ జవాబు ఇప్పటికీ బాకీయే. వనస్థలిపురం పైవాటా కిరాయికి ఇచ్చారు.

ఇంత తిప్పలకు ముగింపు ఇంతేనా అని నాకు మనసొప్పక డిక్కీ కథ పుట్టించాను. అది గల్లీలో బాగా నడిచింది. ఒకసారి ఆయనకే చెప్పాను. చివరిదాకా విన్నాడు.

“మంచిగున్నది,” అన్నాడు. “గని ముప్పై ఏండ్లు చెప్పులు డిక్కీల పెట్టుకుంటె స్పానరు యాడ పెడ్తరు?”

పోయిన నెల పది కాపీలు తీసిన రోజు సంగతి ఒకటి మిగిలింది. ఇందులో అల్లిక లేదు, అసలు చూసి సరిపోల్చుకున్నాను. ఆమె లోపలికి వచ్చేటప్పుడు చెప్పులు నా మెట్టు మీద విడిచింది. నా దుకాణంలో ఎవరూ విడవరు, ఆమె అలవాటు కొద్దీ విడిచింది. అవి లోపలికి ముఖం పెట్టి ఉన్నాయి. లైటు అటూ ఇటూ పోతున్నంతసేపూ నాకు వాటి మీదే చూపు. రెండు అడుగులు వేసి వంగితే చాలు. వెయ్యలేదు. అది నా డ్యూటీ కాదు.

ఆమె కాగితాలు సంచిలో పెట్టుకొని, షట్టరు కింద నుంచి వంగి బయటికి పోయింది. మెట్టు మీద ఆగి చెప్పుల వైపు చూసింది. తర్వాత ఇంకాస్త వంగి, తన చేత్తోనే వాటిని రోడ్డు వైపుకు తిప్పుకొని, తొడుక్కొని, సీదా వెళ్ళిపోయింది.